రోబో ఈదుతుంది సరే, రక్తం దారివ్వాలిగా!

"రక్తంలో తిరిగే రోబోలొచ్చేశాయటరా, నా స్టెంట్ తీయించేసుకోవచ్చా?" అంటూ మా పెదనాన్న వాట్సాప్‌లో ఒక వీడియో పంపారు. స్టెంట్ తీయడమనేది ఉండదని, రక్తం పలచబడే మాత్ర ఒక్కరోజు కూడా మానొద్దని ముందు ఫోన్ చేసి చెప్పాను. తర్వాత వీడియో చూశాను. నీలాకాశంలాంటి ఖాళీలో వెండిరంగు సాలీడు ఒకటి దర్జాగా ఈదుతోంది. పక్కన ఒకటీ అరా ఎర్రకణాలు.

నేను రోజంతా చూసే తెర మీద అంత ఖాళీ ఎక్కడిది? రక్తంలో దాదాపు 45 శాతం ఎర్రకణాలే. రక్తప్రవాహాన్ని కంప్యూటర్‌లో సిమ్యులేట్ చేయడం నా పని. రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మాకు, ప్రవాహాన్ని చిన్న గళ్లుగా విడగొట్టి లెక్కించే లాటిస్ బోల్ట్జ్‌మన్ పద్ధతి, కణం పొరకు స్ప్రింగుల వల. కణమంటే చిల్లు పడీ పడని గారె, వెడల్పు 8 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు). 5 మైక్రాన్ల కేశనాళిక, అంటే అతి సన్నని రక్తనాళం, ఎదురైతే మడతపడి, గంట ఆకారంలోకి మారి దూరిపోతుంది. అదే సైజు గట్టి రోబోను పెట్టి చూడండి, అక్కడే ఇరుక్కుని వెనకున్న వాటన్నిటినీ ఆపేస్తుంది.

ఈత సంగతి చాలావరకు తేలిపోయింది. ఆ సైజులో ఆల్చిప్పలా తెరిచి మూస్తే ముందుకెళ్లినంతా వెనక్కొస్తుందని భౌతికశాస్త్రవేత్త ఎడ్వర్డ్ పర్సెల్ 1977లోనే రాశాడు. అందుకే రోబోను మరమేకులా మెలితిప్పి, బయటినుంచి అయస్కాంత క్షేత్రంతో తిప్పుతారు. బెంగళూరు ఐఐఎస్‌సీలో అంబరీష్ ఘోష్ బృందం 2014లో అలాంటివాటిని మనిషి రక్తంలో నడిపించింది (ఒంట్లో కాదు, బయటికి తీసిన రక్తంలో). కానీ వీటి వేగం సెకనుకు పదుల మైక్రాన్లు. ధమనిలో రక్తం సెకనుకు పదుల సెంటీమీటర్లు పరుగెడుతుంది. ఎదురీత మాట మర్చిపోవాల్సిందే.

నాకు ఆశ ఉన్నది రక్తనాళం గోడ మీద. 0.3 మిల్లీమీటర్ల కన్నా సన్నని గొట్టాల్లో రక్తం చిక్కదనం తగ్గినట్టు కనిపిస్తుందని 1931లో శాస్త్రవేత్తలు ఫారియస్, లిండ్‌క్విస్ట్ చూపించారు. ఎర్రకణాలు మధ్యకు జరిగి, గోడ వెంబడి పలచని ప్లాస్మా పొరను వదిలేస్తాయి. అక్కడ ప్రవాహమూ నెమ్మదే. తెల్లకణాలు దొర్లేది ఆ అంచునే. స్టుట్‌గార్ట్ మాక్స్ ప్లాంక్ పరిశోధన సంస్థ (జర్మనీ) వాళ్లు 2020లో ఆ కిటుకే పట్టుకుని, సుమారు 8 మైక్రాన్ల గోళాలను గోడ మీద దొర్లిస్తూ రక్తానికి ఎదురు నడిపించారు. సాలీడు కాళ్లకన్నా ఇది నాకు వెయ్యి రెట్లు నచ్చింది.

పెద్ద ధమనిలో మాత్రం నెట్టడం కాదు, దారి మళ్లించడమే పని. 2007లో మాంట్రియల్‌లో సిల్వెయిన్ మార్టెల్ బృందం బతికున్న పంది మెడ ధమనిలో 1.5 మిల్లీమీటర్ల ఇనుప పూసను ఎంఆర్ఐ యంత్రంతోనే నడిపింది. నా మోడల్ ఇప్పుడు ధమని రెండు కొమ్మలుగా చీలే చోటే ఉంది: కుడి కొమ్మలోకి తిప్పాలంటే ఎంత ముందునుంచి లాగడం మొదలుపెట్టాలి? గుండె కొట్టుకునే క్షణంలో ఒక లెక్క, రెండు దెబ్బల మధ్య ఇంకో లెక్క వస్తోంది.