దొరికిన నీలి ఈక ఏ పిట్టది?

పత్తి చేను గట్టు మీద, కరెంటు తీగల కింద దొరికిన ఈక ఇది. మన ఊళ్లలో నీలి ఈక అనగానే మూడు పేర్లు వస్తాయి: పాలపిట్ట, లకుముకి పిట్ట, రామచిలుక. నేను రంగు సంగతి పక్కన పెట్టి ముందు ఆకారం, పొడవు చూశాను.

రంగును వెంటనే నమ్మకపోవడానికి కారణం ఉంది. పక్షి ఈకల్లో నీలం రంగుద్రవ్యం కాదు. ఈకలోని అతి సన్నని గాలి గదుల్లో వెలుగు చెదిరి అలా కనిపిస్తుంది. ఈకను ఎండకు ఎదురుగా ఎత్తి పట్టుకుంటే నీలం పోయి మట్టి రంగు తేలింది. అలా పట్టినా చక్కటి నీలంగానే ఉంటే అది అద్దకం వేసిన కోడి ఈక కావచ్చు. తడి ఈకనైతే ఆరనిచ్చాకే చూడాలి. చీలిపోయిన పోగులను మొదలు నుంచి కొస వైపు వేళ్ల మధ్య నిమిరితే జిప్పు పడ్డట్టు అతుక్కుంటాయి. ఈకకు అడ్డంగా ఉన్న రంగు పట్టీ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో అప్పుడే తెలుస్తుంది.

తరువాత కాడ. దానికి ఒక పక్క రేకు సన్నగా, రెండో పక్క వెడల్పుగా ఉంది. అంటే రెక్క చివరి ఈక. రెండు పక్కలా సమానంగా ఉంటే తోక నడిమి ఈక అనుకోవాలి. కాడ మొదలు దగ్గర నూగు ఎక్కువగా ఉండి మెత్తగా వంగేది ఒంటి మీది ఈక. దానితో పేరు తేల్చడం చాలా కష్టం, నేనైతే ప్రయత్నించను.

పొడవు సుమారు 14 సెం.మీ. వంపును సాగదీయకుండా కొలవాలి. స్కేలు లేకపోతే పక్కన పది రూపాయల బిళ్ల పెట్టి ఫోటో తీస్తే చాలు, దాని అడ్డం 27 మి.మీ. ఫోటో రెండు వైపులా తీయాలి.

ఈ పొడవుతోనే లకుముకి పిట్ట పక్కకు పోయింది. దాని రెక్క ఈక ఇంతలేదు, పైగా మొదట తెలుపు, కొసన నలుపు. చిలుక తోక నడిమి ఈక పొడవే కానీ సన్నగా కోసుగా ఉండి, అడుగున పసుపు కనిపిస్తుంది. నా చేతిలోది ముదురు ఊదా నీలం, దానికి అడ్డంగా లేత నీలం పట్టీ. పాలపిట్ట రెక్కే. ముదురు పట్టీ సరిగ్గా కొసనే ఉండి మిగతాది లేత నీలమైతే ఆ పిట్టదే తోక ఈక. తోక నడిమివి మాత్రం మసక ఆకుపచ్చ. ఇక్కడే చాలామంది చిలుక అనుకుంటారు.

అనుమానం మిగిలితే ఈషా మున్షి, షెర్విన్ ఎవరెట్ 2021లో మొదలుపెట్టిన ఫెదర్ లైబ్రరీ అనే వెబ్‌సైట్‌లో వరసగా పేర్చిన ఈకల ఫోటోలతో పోల్చుకోవచ్చు.

కాడ మొదలు కూడా చూడండి. సహజంగా రాలిన ఈకకు మొన చెక్కుచెదరకుండా ఉంటుంది. డేగ పీకినవి ఒకేచోట గుట్టగా పడి ఉంటాయి. పిల్లి, ముంగిస కొరికితే కాడ తెగుతుంది. దసరా రోజుల్లో కత్తెరతో కోసినట్టు నున్నగా తెగిన నీలి ఈకలు దొరికితే, చూపించి డబ్బులడగడానికి పాలపిట్టలను పట్టి రెక్కలు కత్తిరించారేమోనని అనుమానించాలి. అప్పుడు ఈకలను కదపకుండా ఫోటో తీసి అటవీ శాఖకు చెప్పడం మేలు. మామూలు ఈకనైనా 1972 నాటి వన్యప్రాణి చట్టం దృష్ట్యా ఇంట్లో పోగేయకండి, ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోండి.