డెజర్ట్ రుచుల గ్రీన్ టీలు: నా అనుభవం

భోజనం కాగానే నోట్లో ఏదో ఒక తీపి పడాలి, అది మా ఇంటి జబ్బు. డాక్టరు చక్కెర తగ్గించమన్నారని తెలిసి డల్లాస్‌లో ఉన్న చెల్లెలు ఒక శాంపిల్ డబ్బా పంపింది. చిన్న చిన్న పొట్లాలు, ఒక్కోదాని మీద ఒక్కో స్వీటు పేరు: కారమెల్, వెనీలా, చాక్లెట్ కేక్, కొబ్బరి, బాదం. అన్నీ గ్రీన్ టీలే.

ముందు నీళ్ల సంగతి. పొట్లం మీద 80 డిగ్రీలు అని ఉంది. మన అల్లం టీలాగా తెర్లే నీళ్లు పోస్తే ఆకులోని కాటెకిన్లు అనే వగరు పదార్థాలు ఎక్కువగా దిగి నాలుక పిడచకట్టేంత వగరొస్తుంది. మా ఇంట్లో థర్మామీటరు లేదు. అందుకని మరిగిన నీళ్లను ఒక స్టీలు గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి మార్చి, కాసేపు ఆగి పోశాను. కప్పుకు చిన్న చెంచాడు ఆకు, రెండు నిమిషాలు, వెంటనే వడకట్టడం. ఒక రుచికీ ఇంకో రుచికీ మధ్య గోరువెచ్చని నీళ్లు, నాలుగు మరమరాలు.

వెనీలా పొట్లం విప్పగానే వంటిల్లంతా ఐస్‌క్రీమ్ వాసన. తాగితే తీపి లేదు! ఆలోచిస్తే అందులో వింతేమీ లేదు. వెనీలాకు సువాసనే తప్ప తీపి ఉండదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి దాన్ని చక్కెరతోనే తింటున్నాం కాబట్టి ముక్కు ఆశపెడుతుంది, నాలుక నిలదీస్తుంది. ఈ చిక్కు తయారీదారులకూ తెలిసినట్టుంది, తీపి కోసం కొన్ని పొట్లాల్లో అతిమధురం, కొన్నింట్లో స్టీవియా అనే తియ్యటి ఆకు కలిపారు. అతిమధురం తీపి ఆలస్యంగా వచ్చి గొంతు దగ్గర తిష్ఠ వేస్తుంది, ఓ పట్టాన వదలదు. పైగా అది ఎక్కువైతే బీపీ పెరుగుతుంది. అమ్మకు బీపీ ఉంది కాబట్టి ఆ పొట్లాలు ఆవిడ దాకా పోనివ్వలేదు.

చాక్లెట్ కేక్ మాత్రం ఇచ్చాను. ఒక గుటక వేసి, "ఏంటే ఇది, కేకు గిన్నె కడిగిన నీళ్లలా ఉంది" అంది. నిజమే. చాక్లెట్ రుచిలో సగం దాని కొవ్వుదే. నీళ్లలాంటి పానీయంలో, అదీ పచ్చిగడ్డి వాసనొచ్చే ఆకు పక్కన, కోకో నిలబడలేదు. కొబ్బరిది ఇంకో రకం. ఎండు కొబ్బరి తురుము కలిపారేమో, కప్పు పైన సన్నటి నూనె చుక్కలు తేలాయి. వేడిగా ఉన్నప్పుడు బానే ఉంది గానీ చల్లారాక పెదాలకు జిడ్డు. అసలు ఏ టీ అయినా చల్లారాక ఇంకోసారి రుచి చూడాలి. పైపైన అద్దిన సువాసన ఆవిరితో పోయి, కింద ఉన్న ఆకు నాణ్యత అప్పుడే బయటపడుతుంది.

గెలిచింది వేయించిన సరుకు. జపాన్‌లో గ్రీన్ టీ ఆకును మామూలుగా ఆవిరి పడతారు, పచ్చిదనం అందుకే మిగులుతుంది. అదే ఆకును బాగా వేయిస్తే హోజిచా. 1920ల్లో క్యోటోలో మొదలైందంటారు. ఆకు గోధుమరంగుకు తిరిగి, ఏ ఎసెన్సూ కలపకుండానే కారమెల్, గింజల వాసన వస్తుంది. డబ్బాలో కారమెల్ పేరుతో ఉన్నది ఈ ఆకుతోనే చేశారు, అతికినట్టు కుదిరింది. కాసిని పాలు పోసినా తగ్గలేదు. వేయించిన బియ్యం కలిపే జెన్‌మైచా కూడా అంతే. అందులో కొన్ని గింజలు పేలాల్లా విచ్చుకుని ఉంటాయి, మనకు కొత్తగా అనిపించదు. డెజర్ట్ పేరు లేకపోయినా భోజనం తర్వాత నాకు ఇదే ఎక్కువ తృప్తినిచ్చింది.

కొనాలనుకునేవాళ్లు ముందువైపు బొమ్మ కాదు, వెనకవైపు జాబితా చూడండి. కారమెల్ ముక్కలు, చాక్లెట్ చిప్స్ అని ఉంటే అందులో చక్కెర ఉన్నట్టే. షుగర్ ఉన్నవాళ్లు ఇది గమనించాలి. రాత్రి భోజనం తర్వాత తాగేట్టయితే కెఫీన్ సంగతీ ఉంది. హోజిచాలో తక్కువే గానీ అసలు లేకుండా ఉండదు. నాకు తొమ్మిది దాటాక తాగితే నిద్ర పట్టడం లేదు, అందుకే మధ్యాహ్నం భోజనానికి మార్చుకున్నాను. రాత్రికి సోంపు గింజలు నాలుగు నములుతున్నాను.