చిగుళ్లలోంచి రక్తం వస్తుంటే బ్రష్ ఆపకండి

పళ్లు తోముకుని ఉమ్మినప్పుడు బేసిన్‌లో ఎర్రటి చార కనపడితే చాలామంది చేసే మొదటి పని, ఆ పక్క బ్రష్ ఆనించడం మానేయడం. చిగురు గీసుకుపోయిందేమో, నాలుగు రోజులు వదిలేస్తే అదే మానుతుందిలే అనుకుంటారు. కానీ చాలాసార్లు ఆ రక్తం బ్రష్ వల్ల వచ్చింది కాదు. చిగురు అంచున పాచి పేరుకుని, ఆ వాపు వల్ల తాకితే చాలు రక్తం కారుతోంది. అక్కడ తోమడం మానేస్తే పాచీ పెరుగుతుంది, వాపూ పెరుగుతుంది. రక్తం వచ్చే చోటే మెత్తటి బ్రష్‌తో ఇంకాస్త ఓపిగ్గా తోమాలి. రోజుకు రెండుసార్లు, పళ్ల సందులతో సహా శుభ్రం చేస్తే మామూలు చిగుళ్ల వాపు వారం, రెండు వారాల్లో తగ్గిపోతుంది. అప్పటికీ రక్తం ఆగలేదంటే అక్కడ పాచి గట్టిపడి గార కట్టి ఉండొచ్చు. గారను ఏ బ్రష్షూ ఊడదీయలేదు, డెంటిస్టు దగ్గరికి వెళ్లాల్సిందే.

బెంగళూరులో మారతహళ్లి, బీటీఎం లేఅవుట్ పీజీల్లో ఉండే పిల్లలైనా, కేఆర్ పురం వైపు కాపురాలు పెట్టినవాళ్లైనా ఏడాదికోసారి రక్తపరీక్షలన్నీ చేయించుకుంటారు. నోరు మాత్రం నొప్పి పుట్టేదాకా ఎవరికీ చూపించరు. నొప్పిని నమ్ముకుని కూర్చోవడం దగ్గరే పళ్లు పోతున్నాయి. పంటి పైపొర ఎనామిల్‌లో నరం లేదు, పుచ్చు అందులో ఉన్నంతకాలం మనకేమీ తెలియదు. దాని కింద డెంటిన్‌కు చేరాక చల్లనీళ్లకు, తీపికి జివ్వుమంటుంది. ఇంకా లోపల, నరం ఉండే గుజ్జు దాకా పోతే రాత్రి తల వాల్చగానే పోటు మొదలవుతుంది. మొదట్లో ఒక్క సిట్టింగ్‌లో ఫిల్లింగ్‌తో సరిపోయే పన్ను, ఇక్కడికొచ్చేసరికి రూట్ కెనాలూ, దాని మీద క్యాపూ అడుగుతుంది. చిగుళ్ల జబ్బు ఇంకా చడీచప్పుడు లేకుండా నడుస్తుంది. పన్ను కదిలేదాకా నొప్పే లేకపోవచ్చు. సిగరెట్ తాగేవాళ్లకైతే రక్తం కూడా తక్కువే వస్తుంది కాబట్టి ఆ హెచ్చరికా ఉండదు.

పాచి మెత్తగా ఉన్నంతవరకు బ్రష్‌కు వచ్చేస్తుంది. వదిలేస్తే లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేట్ అందులో చేరి కొన్ని రోజుల్లోనే గట్టిపడటం మొదలవుతుంది. అదే గార. బెంగళూరులో జుట్టు రాలినా బోరు నీళ్లే, పళ్లకు గార పట్టినా ట్యాంకర్ నీళ్లే అంటారు. కానీ గారలో ఉండే ఖనిజం ప్రధానంగా మన లాలాజలంలోంచి వచ్చిందే. అందుకే లాలాజలం నోట్లోకి దిగే రెండు చోట్ల గార ఎక్కువ: కింది ముందుపళ్ల వెనక, పై దవడ పళ్లకు బుగ్గ వైపు. అద్దం ముందు నిలబడి ఫోన్ టార్చ్ వేసుకుని, నాలుక వెనక్కి లాగి కింది ముందుపళ్ల లోపలి వైపు చూడండి. చిగురు ఒడ్డు వెంబడి పసుపుపచ్చగా, గరుగ్గా, గోటితో గీకినా రాని గట్టు కనిపిస్తే అదే. దాన్ని పిన్నుతోనో, ఆన్‌లైన్‌లో కొన్న కొక్కెంతోనో మీరే పెకలించబోకండి. చిగురు చీరుకుంటుంది, పైగా చిగురు కింద ఉన్న గార అక్కడే ఉండిపోతుంది.

ఇక స్కేలింగ్, అంటే డెంటిస్టు గార తీసే క్లీనింగ్, చేయిస్తే పళ్లు వదులైపోతాయన్న మాట. ఈ ఒక్క భయం వల్ల ఎంతమంది పళ్లు పోగొట్టుకుంటున్నారో తలుచుకుంటే బాధేస్తుంది. జరిగేది ఇదీ. గార ఏళ్ల తరబడి ఉంటే చిగురు వాచి, దాని కింద పన్నును పట్టి ఉంచే ఎముక కొంచెం కొంచెంగా కరుగుతుంది. పళ్ల మధ్య ఖాళీని గారే నింపేసి పక్కపక్క పళ్లను సిమెంటులా అతికించి పెడుతుంది. దాన్ని తీసేశాక రెండు సంగతులు బయటపడతాయి: సందులు కనిపిస్తాయి, అప్పటికే పట్టు తప్పిన పన్ను కదులుతుంది. పన్ను వదులైంది ముందెప్పుడో, తెలిసింది ఆ రోజు. ఇన్నాళ్లూ గార కప్పేసి ఉన్న వేరు భాగానికి గాలి, నీళ్లు తగలడం వల్ల కొన్ని రోజులు జివ్వుమనడం కూడా మామూలే. సెన్సిటివిటీ పేస్టు వాడితే చాలామందికి రెండు మూడు వారాల్లో సర్దుకుంటుంది.

స్కేలింగ్ మెషిన్ కొన సెకనుకు పాతిక వేలసార్లకు పైగా కంపిస్తుంది. కొనను పంటికి గుచ్చరు, పక్కవాటుగా ఆనిస్తారు. ఆ కంపనానికి గార పగిలి ఊడొస్తుంది, కొన వేడెక్కకుండా నీళ్లు చిమ్ముతుంటాయి. సరిగ్గా చేస్తే ఎనామిల్ అరగదు.

క్లీనింగ్‌కు వెళ్లినప్పుడు ఒక్కటి అడగండి: "డాక్టర్ గారూ, చిగుళ్ల లోతు కొలిచి చెప్తారా?" మిల్లీమీటర్ల గీతలున్న సన్నటి పుల్లను పంటికీ చిగురుకూ మధ్య మెల్లగా దించి, ఒక్కో పంటి చుట్టూ ఆరు చోట్ల చూస్తారు. 1 నుంచి 3 మిల్లీమీటర్లు, రక్తం లేకుండా వస్తే మంచిది. 4 వస్తే అక్కడ సంచి ఏర్పడుతోందని అనుమానించాలి. మన బ్రష్ అంత లోతుకు పోదు. 5, 6 వస్తే పైపై క్లీనింగ్ చాలదు, ఆ చోటికి మత్తిచ్చి వేరు మీది గార తీయాలి. ఆ అంకెలు రాయించుకుని తెచ్చుకోండి. వచ్చేసారి అవి తగ్గాయో పెరిగాయో చూస్తే మీకే అర్థమవుతుంది.

ఇంట్లో చేసే పని గురించి. చిన్న తల, మెత్తటి కుచ్చు ఉన్న బ్రష్ చాలు. 'హార్డ్' అని రాసి ఉన్నది కొనకండి. కుచ్చును 45 డిగ్రీల వాలుగా, సగం పంటి మీద, సగం చిగురు అంచు మీద ఆనేలా పెట్టి, ఉన్నచోటే చిన్నగా కదిలించి, పంటి కొస వైపు ఊడ్చినట్టు తేవాలి. గిన్నెలు తోమినట్టు అడ్డంగా బలంగా రుద్దితే చిగురు కిందికి జారి, పంటి మెడ దగ్గర గాడి పడుతుంది. కుడిచేతి వాటం వాళ్లకు ఆ గాడి సాధారణంగా ఎడమ కోరపన్ను, దాని వెనక పళ్ల దగ్గర ఎక్కువ. మొత్తం 2 నిమిషాలు పట్టాలి. మూడు నెలలకో, కుచ్చు విచ్చుకున్నప్పుడో బ్రష్ మార్చాలి. రాత్రిపూట తోమడమే ముఖ్యం, ఎందుకంటే నిద్రలో లాలాజలం ఊరడం బాగా తగ్గిపోతుంది.

పళ్ల సందుల్లోకి బ్రష్ పోదు. ఇరుకు సందులకు ఫ్లాస్ దారం: 45 సెంటీమీటర్లు తెంపి రెండు చేతుల నడిమి వేళ్లకు చుట్టుకుని, రెండు అంగుళాలు మధ్యలో ఉంచండి. ఒక్కసారిగా నొక్కితే చిగురు తెగుతుంది, రంపంలా మెల్లగా లాగుతూ దించాలి. దిగాక ఒక పంటిని వాటేసుకున్నట్టు వంచి చిగురు అంచు కిందదాకా పైకీ కిందికీ గీయండి, తరవాత పక్క పంటికి అలాగే. సందులు వెడల్పైనవాళ్లకు దారం కంటే చిన్న సందు బ్రష్‌లు బాగా పనిచేస్తాయి. సైజు డాక్టరు చేతనే చూపించుకోండి. బిగుతుగా ఆనాలి గానీ బలవంతంగా దూర్చకూడదు.

పేస్టు విషయంలో చూడాల్సింది ఫ్లోరైడ్ ఒక్కటే. మన దేశంలో టూత్‌పేస్టుకు గరిష్ఠ పరిమితి 1000 పీపీఎం (పది లక్షల పాళ్లలో వెయ్యి), ట్యూబు మీద రాసి ఉంటుంది. చాలా మూలికల పేస్టుల్లో అసలు ఫ్లోరైడే ఉండదు. నల్లగొండ, ప్రకాశం, అనంతపురం నుంచి వచ్చినవాళ్లకు ఫ్లోరైడ్ మాటంటేనే భయం. మచ్చలు పడిన పళ్లు, వంగిన ఎముకలు కళ్లారా చూసినవాళ్లు భయపడటంలో తప్పు లేదు. కానీ ఆ మచ్చలు పడేది చిగురు లోపల పళ్లు తయారవుతున్న చిన్నతనంలో, ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు రోజూ తాగడం వల్ల. తాగునీటికి ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీళ్లు లేకపోతే 1.5 వరకు. పెద్దవాళ్లు పేస్టుతో తోమి ఉమ్మేస్తే ఆ మచ్చలు రావు. పిల్లలు మింగేస్తారు కాబట్టి మూడేళ్లలోపు బియ్యపు గింజంత, ఆరేళ్లలోపు బఠానీ గింజంత చాలు. తోమాక నురగ ఉమ్మేయండి, నోటినిండా నీళ్లు పోసి పుక్కిలించకండి. ఫ్లోరైడ్ పంటి మీద నిలవాలి.

ఆరేళ్ల పిల్లలకు చివరి పాలపన్ను వెనక ఒక పెద్ద దవడ పన్ను వస్తుంది. ఏ పన్నూ ఊడకుండా వస్తుంది కాబట్టి తల్లిదండ్రులు దాన్నీ పాలపన్నే అనుకుని పుచ్చినా పట్టించుకోరు. అది జీవితాంతం ఉండాల్సిన పన్ను. వచ్చిన కొత్తలోనే దాని గాడుల్లో సీలెంట్, అంటే పుచ్చు పట్టకుండా గాడులను మూసే పూత, వేయించండి.

ఆఫీసులో చక్కెర కాఫీ తాగడం కంటే దాన్ని గంటసేపు చప్పరిస్తూ కూర్చోవడం ఎక్కువ చెరుపు. చక్కెర తగిలిన ప్రతిసారీ నోట్లో ఆమ్లం పెరుగుతుంది, ఆమ్లాన్ని కొలిచే పీహెచ్ (ఆమ్లం పెరిగేకొద్దీ ఈ అంకె తగ్గుతుంది) 5.5 కిందికి దిగితే ఎనామిల్ కరగడం మొదలవుతుంది. మళ్లీ సర్దుకోవడానికి అరగంటో, ఇంకా ఎక్కువో పడుతుంది. దర్శిని హోటల్లో నిలబడి అయిదు నిమిషాల్లో తాగేసిన ఫిల్టర్ కాఫీ ఆ లెక్కన నయం.

పంటినొప్పికి లవంగ నూనె పోస్తే చిగురు కాలుతుంది. ఆస్పిరిన్ బిళ్ల పంటి పక్కన పెట్టుకున్నా అంతే. యాంటీబయాటిక్ కోర్సుతో నొప్పి సద్దుమణిగినా లోపల చచ్చిన గుజ్జు అలాగే ఉంటుంది, మళ్లీ చీము పడుతుంది. దవడ వాచి జ్వరం వచ్చి, మింగడమో నోరు తెరవడమో కష్టమైతే క్లినిక్ తెరిచేదాకా ఆగకండి, ఆ క్షణమే పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి.

ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు వాళ్ల నోరు ఒకసారి చూపించండి. షుగర్ ఉంటే చిగుళ్ల జబ్బు ముదురుతుంది, చిగుళ్ల జబ్బు ఉంటే షుగర్ అదుపు తప్పుతుంది. ఈ రెండూ ఉన్నవాళ్లకు మూడు నాలుగు నెలలకోసారి చూపించడం మంచిది. రక్తం పలచబడే మందులు వాడుతుంటే పన్ను తీయించే ముందు మీరే ఆపేయకండి, గుండె డాక్టరు చెప్పినట్టే చేయాలి. శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే అమ్మమ్మలుంటే అంగిలి తప్పకుండా చూపించాలి, అక్కడే క్యాన్సర్ పుడుతుంది. వక్క, గుట్కా నమిలేవాళ్లను మూడు వేళ్లు నిలువుగా పళ్ల మధ్య పెట్టమనండి. పట్టకపోతే నోరు బిగుసుకుంటోందని అనుమానించాలి. రెండు మూడు వారాలైనా మానని పుండు, తుడిస్తే పోని తెల్లమచ్చ కనిపిస్తే నొప్పి లేకపోయినా అదే వారంలో వెళ్లండి.

ఖర్చుకు వెనకాడేవాళ్లకు కేఆర్ మార్కెట్ దగ్గర, విక్టోరియా ఆసుపత్రి ఆవరణలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. ఫీజు తక్కువ, సిట్టింగులు ఎక్కువ పట్టొచ్చు, పొద్దున్నే వెళ్లాలి. వాడుతున్న మందుల చీటీ తీసుకెళ్లండి. పెద్దవాళ్లు ఒంటరిగా వెళ్తే కన్నడలో "హల్లు నోవు" అంటే పంటినొప్పి అని, "వసడు" అంటే చిగురని చెప్పి పంపండి. ఎక్కడ చూపించుకున్నా ఎక్స్‌రేను, చిగుళ్ల కొలతల కాగితాన్ని ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. అద్దె ఇల్లు మారి వైట్‌ఫీల్డ్ నుంచి ఎలక్ట్రానిక్ సిటీకి పోయినా, ఏ పంటికి ఎప్పుడు ఏం చేశారో కొత్త డాక్టరుకు మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాల్సిన పని ఉండదు.