ఏప్రిల్ నెల సున్నాలు

పదకొండు దాటింది, నిద్ర పట్టట్లేదు. మధ్యాహ్నం మా చిన్నమ్మాయి ఫోన్ చేసినప్పట్నుంచి ఒకటే మాట బుర్రలో తిరుగుతా ఉంది, రాసేస్తే గానీ తగ్గేలా లేదు.

పేడపురుగుల మీద చేసిన ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి దాని వైవా అయిపోయింది. బాగా చెప్పిందంట, మార్కులు కూడా బాగానే వస్తాయంట, సంతోషం. కానీ బయట్నుంచి వచ్చిన ఎగ్జామినరు, ఏ నెలలో ఎన్ని పురుగులు పడ్డాయో రాసిన టేబుల్ చూసి "ఏప్రిల్, మే దాదాపు అన్నీ సున్నాలే కదమ్మా, ఆ నెలలు తీసేయ్, నీట్‌గా ఉంటుంది" అన్నాడంట. సరిచేసి సోమవారానికి ఇవ్వాలంట. ఇది కూడా "సరే సార్" అనేసి వచ్చింది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ సున్నాలు ఊరికే రాలేదు. నల్లమలలో ఏప్రిల్ ఎండ ఎట్లా ఉంటుందో ఆయనకి తెలుసా? టేకాకులన్నీ రాలిపోయి నీడనేది ఉండదు, రాళ్లు కాలిపోతుంటాయి. ఆ ఎండలో అడవి వాచర్‌ని తోడు తీసుకుని పోయి, ప్లాస్టిక్ డబ్బాలు నేల మట్టానికి పాతి, అడుగున సబ్బునీళ్లు పోసి, పేడని గుడ్డలో మూటగట్టి పైన వేలాడదీసి, మర్నాడు మళ్లీ అంత దూరం పోయి చూస్తే చీమలు తప్ప ఏమీ లేవు. ఏమీ లేవని రాసుకుంది. అది కూడా లెక్కే కదా. వానల్లో, వినాయక చవితి అప్పుడైతే, ముందు గది నిండా ట్రేలూ స్పిరిట్ వాసనా, అర్ధరాత్రి దాకా లెన్సు పెట్టుకుని ఏరుతూ కూర్చుంది. ఒక్కో డబ్బాలో గుప్పెళ్లు గుప్పెళ్లు. ఎక్కువగా ఆంథోఫేగస్ అనే చిన్న చిన్న పేడపురుగు రకాలు, కొన్నిటికి తల మీద బుల్లి కొమ్ములు. మధ్యలో వెనక కాళ్లు ఒంటికి మించి పొడుగున్న సిసిఫస్ అనే రకం ఒకటి కనపడితే నన్ను వంటింట్లోంచి పిలిచి మరీ చూపించింది. ఆ గుప్పెళ్లు లెక్కలోకొస్తాయి, ఈ ఖాళీ డబ్బాలు రావా?

ఇంకో సంగతి కూడా ఉంది, అదే అసలుది. వానాకాలంలో టేకు కింద పెట్టినా, చెట్లు లేని గడ్డిలో పెట్టినా, ఊరి పశువులు తిరిగే అంచున పెట్టినా, వాగు పక్కన పెట్టినా అన్నిచోట్లా డబ్బాలు నిండాయి. రకాలు వేరే, ఉండలు దొర్లించుకుపోయేవి గడ్డి జాగాలో ఎక్కువ, అక్కడికక్కడే పేడ కింద బొరియ తవ్వేవి నీడలో ఎక్కువ, కానీ ఖాళీ అయితే ఏదీ లేదు. ఏప్రిల్ వచ్చేసరికి మిగతా చోట్లన్నీ సున్నా, వాగు పక్క మద్దిచెట్ల కింద మాత్రం కొన్ని పడ్డాయి. అక్కడ నేల ఇంకా చెమ్మగా ఉంటుంది, పేడ తొందరగా ఎండిపోదు. అంటే వాగు గట్టు విలువ ఏంటో తెలిసేదే ఎండాకాలంలో. ఆ నెలలు కొట్టేస్తే నాలుగు చోట్లూ ఒకటే అయిపోతాయి కదా!

మా మరిది ఒకడు. "పేడపురుగుల మీద ఎమ్మెస్సీ ఏంది వదినా" అని పోయిన్నెల అన్నాడు, అది కూడా ఇప్పుడే గుర్తొస్తోంది. 1788లో ఆస్ట్రేలియాకి ఓడల్లో పశువుల్ని తీసుకెళ్లారు, అక్కడి పురుగులకేమో కంగారూ పెంటికలు అలవాటు, ఆవు పేడ వాటి వల్ల కాలేదు. పేడంతా మైదానాల మీద ఎండి పేరుకుపోయి, గడ్డి పాడై, ఈగలు కమ్మేసి, చివరికి 1960ల్లో బయటి దేశాల నుంచి పేడపురుగుల్ని తెప్పించుకున్నారు. ఇది అతనికి చెప్పాను, వినలేదు, టీవీ చూస్తున్నాడు.

సరే, ఇదంతా రాస్తుంటే మా చిన్నాయన పెళ్లి గుర్తొచ్చింది. ఆత్మకూరు దగ్గర ఊర్లో, నడి ఎండాకాలం, పందిరి గుంజలకి గడ్డపారతో గుంతలు తీస్తున్నారు. ఎర్రమన్ను గట్టిపడిపోయి గడ్డపార కంగుకంగుమంటోంది. ఒక గుంతలోంచి బత్తాయంత మట్టి ఉండ బయటపడింది, గుండ్రంగా, చేత్తో చేసినట్టుగా. పిల్లలం దాంతో ఆడుకున్నాం, తన్నుకున్నాం, అరుగుకి కొట్టుకుని పగిలింది. లోపల నల్లటి పురుగు, కాళ్లన్నీ పొట్ట కిందకి ముడుచుకుని, కదలకుండా. దిబ్బలో ఎరువు తోడేటప్పుడు తెల్ల పురుగులు వస్తాయి, అవి తెలుసు మాకు, ఇది అది కాదు. చచ్చిపోయిందన్నాడు మా అన్న. నేను పెళ్లికని తెచ్చిపెట్టిన బిందెలోంచి చెంబుడు నీళ్లు దాని మీద పోశా. కాసేపటికి ముందు కాలు ఒకటి చాపింది. తలకి ముందు వైపు అంచు పళ్లు పళ్లుగా ఉంది, అది మట్టిలో ఆనించి తోస్తోంది. "పెండ్లికి తెచ్చిన నీళ్లు పారబోస్తాండవేందే" అని జేజి వీపు మీద ఒకటి ఇచ్చింది గానీ, పురుగుని చూసి "దాన్ని మళ్ళా పూడ్సుమే, వానొస్తే అదే లేస్తాది" అంది.

ఇప్పుడు ఆలోచిస్తే చిన్నదాని రిపోర్టులో కూడా ఒక మాట నాకు నచ్చట్లేదు. "వేసవిలో పేడపురుగులు లేవు" అని రాసింది. లేకపోవడం ఎక్కడ? తల్లి చుట్టిన ఉండ లోపలే గుడ్డు, గుడ్డులోంచి వచ్చిన పురుగు ఆ ఉండనే తిని పెరిగి, రెక్కలొచ్చాక నేల మెత్తబడేదాకా అక్కడే ఆగుతుంది. డబ్బాలో పడేది నేల మీద తిరిగేదీ ఎగిరి వచ్చేదీ మాత్రమే. కాబట్టి ఆ సున్నా అంటే అడవిలో లేవని కాదు, డబ్బా దగ్గరికి రాలేదని. ఇందాకటిదాకా ఆ సార్ మీద కోపంతో దీన్నే వెనకేసుకొచ్చా గానీ, ఈ వాక్యం మాత్రం మార్చాల్సిందే. అట్లాగని సున్నాలు తీసేయమన్న మాటకి నేను ఒప్పుకున్నట్టు కాదు, అది ఇంకా తప్పు.

మా ఆయనతో అంటే "మార్కులొచ్చాయి కదా, వదిలెయ్" అని అటు తిరిగి పడుకున్నారు. నేను వదలను. పొద్దున్నే దానికి ఫోన్ చేసి ఏప్రిల్, మే వరసలు అట్లాగే ఉంచమని చెప్తా, ఖాళీ డబ్బాలు ఎన్నో కూడా రాయమంటా, "లేవు" కొట్టేసి "పడలేదు" అని పెట్టమంటా. వాగు పక్కన దొరికిన వాటికి వేరే పేరా కావాలి, అది టేబుల్లో మూలకి పడిపోయింది. సార్ ఒప్పుకోకపోతే ఆ సార్‌నే అడగమంటా, ఏప్రిల్‌లో వాగు దగ్గర అవి ఎందుకున్నాయో ఆ నెల లేకుండా ఎట్లా చెప్తారని.