అడుగు నేల తాకకముందే

మోకాలు సహకరించక గజ్జెలు విప్పి కెమెరా పట్టిన నాకు, తిరుపతిలో నాట్యం నేర్చుకున్న పదిహేనేళ్లూ వృథా పోలేదన్న ధైర్యాన్ని ఇచ్చింది అమెరికన్ సినీ దర్శకురాలు షర్లీ క్లార్క్ జీవితం. 1919లో న్యూయార్క్‌లో పుట్టిన ఆమె ఆధునిక నృత్యం సాధన చేసి, ముప్పై దాటాక సినిమా వైపు మళ్లారు. 1953 నాటి తొలి లఘుచిత్రంలో డేనియల్ నాగ్రిన్ నృత్యాన్ని వేదిక మీదా, సముద్రపుటొడ్డునా చిత్రీకరించి, ఒకచోట మొదలైన కదలిక మరోచోట కొనసాగేలా రెంటినీ కలిపారు. తర్వాతి కాలంలో కవి రాబర్ట్ ఫ్రాస్ట్‌పై ఆమె దర్శకత్వం వహించిన డాక్యుమెంటరీకి ఆస్కార్ దక్కింది. నన్ను పట్టి ఉంచినది మాత్రం ఆ తొలి చిత్రమే. కదలిక ముగిశాక కాదు, సాగుతుండగానే కత్తిరించాలన్న మెలకువ అందులో ఉంది.

అది నాకు వెంటనే అబ్బలేదు. కిందటేడు చిత్తూరు దగ్గరి ఒక పల్లెలో, ద్రౌపదమ్మ గుడి వద్ద మహాభారత కథను ఆడే ‘భారతం’ ఉత్సవం జరుగుతుండగా, అర్జునుడి తపస్సు ఘట్టాన్ని చిత్రీకరించాను. సంతానం కోరిన స్త్రీలు తడిబట్టలతో తపస్సుమాను (అర్జునుడు ఎక్కడానికి మెట్లు కట్టి నిలిపిన ఎత్తైన మాను) చుట్టూ సాష్టాంగపడి ఉండగా, అర్జున వేషధారి పద్యాలు పాడుతూ మెట్టు మెట్టూ ఎక్కి, పైనుంచి నిమ్మకాయలు, పూలు, విభూతి విసురుతారు. ఎడిటింగ్‌లో నేను ప్రతి పద్యం పూర్తయ్యాకే షాట్ మార్చడం వల్ల, ఆయన మెట్టుకొకసారి ఆగిపోతున్నట్టు కనిపించింది. పాదం లేచిన క్షణంలోనే కత్తిరించి, కింద ఆశగా పైకెత్తిన ముఖాలను చూపినప్పుడు గానీ ఆ మాను ఎత్తు తెలియలేదు. ‘యతో హస్తస్తతో దృష్టిః’ (చెయ్యి ఎటో చూపూ అటే) అన్న, నాట్యశాస్త్ర గ్రంథం అభినయదర్పణంలోని శ్లోకాన్ని చిన్ననాడే వల్లించిన నేను, చేతిని పట్టుకొని చూపును వదిలేశాను.

క్లార్క్ నుంచి ఇంకా నేర్చుకోవలసింది, కదలిక లేనిచోట నిలిచి ఉండడం. 1967లో వచ్చిన ఒక చిత్రం కోసం ఆమె ఒకే గదిలో ఒకే మనిషి మాటలను సుమారు 12 గంటలపాటు చిత్రీకరించారు. నేనేమో అర్జునుడు పైకి చేరగానే, బ్యాటరీ మిగుల్చుకోవాలని కెమెరా ఆపేశాను. మాను దిగిన ఆ పెద్దాయన, వేషం తీయకుండానే నా దగ్గరకు వచ్చి, “దిగేది తీసినావా అమ్మా? ఎక్కేదానికంటే అదే కష్టం” అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

ఈ వేసవిలో ఆయన మళ్లీ ఎక్కుతున్నారు. ఆయన దిగివచ్చి, కిరీటం తీసి పక్కన పెట్టి, నీళ్లు తాగేదాకా కెమెరా ఆపను.