సీసాలో గులాబీ రంగు

లీలామహల్ సర్కిల్ దగ్గర ఒక మేడ మీద గాలిని పట్టడానికి పెట్టిన శాంప్లర్ సీసా ఇవాళ ల్యాబ్‌కి వచ్చింది. చూడటానికి మామూలు నీళ్లే. సోడియం ఆర్సెనైట్ కలిపిన ఆ ద్రావణంలోంచి 4 గంటల పాటు మన తిరుపతి గాలి బుడగలు బుడగలుగా పోయింది. సల్ఫనిలమైడ్, ఆపైన ఎన్‌ఈడీఏ అనే రంగు తెప్పించే రసాయనాలు వేసి 10 నిమిషాలు ఆగితే మెల్లగా గులాబీ రంగు తేలింది. రంగు ఎంత చిక్కనైతే గాలిలో నైట్రోజన్ డయాక్సైడ్ అనే విషవాయువు అంత ఎక్కువ. ఆ చిక్కదనాన్ని 540 నానోమీటర్ల కాంతితో కొలుస్తాం.

గాలి పోనివ్వని బ్లాంక్ సీసా మాత్రం రంగు లేకుండా అలాగే ఉంది. రెండూ పక్కపక్కన చూసేసరికి ఒళ్లు జలదరించింది. బస్సులు, జీపులు, ఆటోల పొగ అది. మన పిల్లలు పీల్చేదే.

మన దేశంలో ఈ వాయువుకి 24 గంటల సగటు పరిమితి ఘనపు మీటరుకు 80 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో 25 అంది. ఆ తేడా నాకు మింగుడుపడటం లేదు.

ఇంకోటి, ఎండకి ఈ వాయువు విడిపోయి ఓజోన్ పుట్టడానికి దారితీస్తుంది. అందుకే మధ్యాహ్నం రీడింగ్ తగ్గిందని సంబరపడకూడదు. పొద్దున, సాయంత్రం శాంపిళ్లు విడివిడిగా చూద్దామని మేడమ్‌ని అడిగా, సరేనన్నారు. ఈసారి అలిపిరి దగ్గర పెడుతున్నాం.