73 పాయింట్ల తేడాతో ఓడిన టీమ్ కప్పు కొట్టింది

2021 డిసెంబర్ 2 రాత్రి నేను ఓక్లహోమా సిటీ పక్కనున్న ఎడ్మండ్‌లో అక్కావాళ్ళింట్లో ఉన్నా. మెంఫిస్‌లో మా ఓక్లహోమా సిటీ బాస్కెట్‌బాల్ టీమ్ థండర్ మ్యాచ్, సోఫాలో నేను, బావ, మధ్యలో మా మేనల్లుడు, వాడికప్పుడు ఏడేళ్ళు. ఆఖరికి స్కోరు 152-79. 73 పాయింట్ల తేడా, అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ చరిత్రలోనే అంత తేడాతో ఎవరూ ఓడలేదు. బావ ఎప్పుడో లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాడు, వీడు మాత్రం టీవీ వంక అలాగే చూస్తూ "మామయ్యా, వీళ్ళు కావాలనే ఓడిపోతున్నారా?" అన్నాడు.

నాకు ఏం చెప్పాలో తెలీలేదు. వాడికి ఇవ్వాల్సిన జవాబే ఇది, రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది.

బాస్కెట్‌బాల్ ఫాలో అవ్వనివాళ్ళ కోసం కొంచెం చెప్తా. ఎన్‌బీఏలో మన ఐపీఎల్ వేలంలా కొత్త కుర్రాళ్ళని డబ్బు పెట్టి కొనుక్కోవడం ఉండదు. డ్రాఫ్ట్ అని ఉంటుంది, కాలేజీల నుంచీ బయట దేశాల నుంచీ వచ్చే కుర్రాళ్ళని టీమ్‌లు వరసలో ఒక్కొక్కళ్ళని ఎంచుకుంటాయి. ముందు ఎవరు ఎంచుకోవాలో తేల్చడానికి ప్లేఆఫ్స్‌కి వెళ్ళని 14 టీమ్‌లకి లాటరీ. మెషీన్‌లో 1 నుంచి 14 వరకు నంబర్లున్న బంతులు వేసి తిప్పి నాలుగు తీస్తారు, 1001 కాంబినేషన్లు వస్తాయి, ఒకటి పక్కన పెట్టి మిగతా వెయ్యి టీమ్‌లకి పంచుతారు. ఎంత బాగా ఓడితే అన్ని ఎక్కువ కాంబినేషన్లు. కానీ 2019 నుంచి అట్టడుగు మూడు టీమ్‌లకీ మొదటి పిక్, అంటే అందరికంటే ముందు ఎంచుకునే వంతు, వచ్చే ఛాన్స్ 14 శాతమే. అంటే ఏడాదంతా ఓడి, స్టేడియం ఖాళీగా పెట్టుకుని కూర్చున్నా 86 శాతం మొదటి పిక్ రాదు. ఫిలడెల్ఫియా ఇలాగే ఏళ్ళ తరబడి ఓడింది, 2015-16లో అయితే 82 మ్యాచ్‌ల్లో గెలిచింది 10. ఎంబీడ్ లాంటి ఆటగాడు దొరికాడు, అతనొచ్చాక కూడా ఫైనల్ మాత్రం చూడలేదు.

మరి మావాళ్ళకి ఎలా కుదిరింది?

మా మేనేజర్ శామ్ ప్రెస్టీ ఈ పని ఒకసారి చేసి చూసినవాడే. టీమ్ సియాటిల్‌లో ఉన్నప్పుడు 2007లో డ్యురాంట్, 2008లో వెస్ట్‌బ్రుక్, అదే ఏడు టీమ్ ఓక్లహోమాకి వచ్చేసింది, 2009లో హార్డెన్. వరసగా మూడేళ్ళు, ముగ్గురూ తర్వాత ఎంవీపీలు (సీజన్‌లో అత్యుత్తమ ఆటగాళ్ళు) అయ్యారు. 2012లో ఫైనల్‌కి వెళ్ళి మయామీ చేతిలో ఓడారు, ఆ అక్టోబర్‌లోనే హార్డెన్‌ని ట్రేడ్ చేసేశారు, 2016లో డ్యురాంట్ వెళ్ళిపోయాడు. ఆ రోజు బావ ఫోన్ చేసి ఇంట్లో మనిషి పోయినట్టు మాట్లాడాడు. ఓక్లహోమా సిటీ చిన్న ఊరు, పెద్ద స్టార్లు లాస్ ఏంజెలెస్‌కో మయామీకో వెళ్తారు తప్ప కోరి ఇక్కడికి రారు, ఉన్నవాళ్ళు పోతే మళ్ళీ పిల్లల్ని తెచ్చుకుని పెంచుకోవడమే, వేరే దారి లేదు.

2019 జులైలో స్టార్ ఆటగాడు కవాయ్ లెనర్డ్‌కి లాస్ ఏంజెలెస్ టీమ్ క్లిప్పర్స్‌లో తన పక్కన పాల్ జార్జ్ కావాలి, పాల్ జార్జ్ ఏమో మా దగ్గర ఉన్నాడు, తనూ వెళ్తానన్నాడు. అతన్ని ఇచ్చినందుకు ప్రెస్టీ తీసుకున్నది ఐదు ఫస్ట్ రౌండ్ పిక్‌లు, రెండు పిక్ స్వాప్‌లు (మన పిక్ ఇచ్చి వాళ్ళది తీసుకునే హక్కు), గాలినారి అనే ఆటగాడు, ఇంకా షే గిల్జస్-అలెగ్జాండర్ అనే 20 ఏళ్ళ కుర్రాడు. 2018 డ్రాఫ్ట్‌లో 11వ పిక్. అప్పుడు అందరూ పిక్‌ల లెక్క గురించే మాట్లాడారు, షే గురించి మాట్లాడినవాళ్ళు తక్కువ. మా ఆఫీసులో డాలస్ ఫ్యాన్స్ "మీ సీజన్ అయిపోయింది పో" అన్నారు.

2020-21 నుంచి రెండు సీజన్లు నరకం. 22 గెలుపులు 50 ఓటములు, మళ్ళీ 24-58. 2021 లాటరీలో మొదటి పిక్ మీద ఆశ పెట్టుకుంటే దొరికింది ఆరోది. ఆ రాత్రి నిజంగా ఏడుపొచ్చింది.

అసలు అదృష్టం వచ్చింది లాటరీ బంతుల్లో కాదు, అది ఎక్కడొచ్చిందో చాలామందికి గుర్తుండదు. 2022 ఏప్రిల్ 15. క్లిప్పర్స్, న్యూ ఆర్లియన్స్ ప్లే-ఇన్ మ్యాచ్, గెలిచిన టీమ్ ప్లేఆఫ్స్‌కి, ఓడిన టీమ్ ఇంటికి. కవాయ్ మోకాలి గాయంతో ఆ సీజన్ అంతా ఆడలేదు. ఇక ఉన్నది పాల్ జార్జ్, అతనికి సరిగ్గా ఆ రోజే కోవిడ్ ప్రోటోకాల్, ఆడలేదు. క్లిప్పర్స్ 101-105 తో ఓడిపోయారు. వాళ్ళ పిక్ మాది కదా, వాళ్ళు గెలిచి ప్లేఆఫ్స్‌కి వెళ్ళుంటే అది 15వ స్థానానికి జారిపోయేది, ఓడారు కాబట్టి 12వ పిక్‌గా మా చేతికొచ్చింది. ఆ పిక్‌తో తీసుకున్నది శాంటా క్లారా అనే చిన్న కాలేజీ నుంచి వచ్చిన జేలెన్ విలియమ్స్. మనం ఇచ్చేసిన ఆటగాడు ఒక రాత్రి ఆడలేకపోవడం వల్ల మనకి రెండో స్టార్ దొరికాడు! కలిసొచ్చే కాలానికి నడిచొచ్చే కొడుకు పుడతాడంటారే, అదే.

కానీ నక్కతోక తొక్కారు అని ఊరుకుంటే అది అన్యాయం, ఇక్కడే నాకు చాలామందితో గొడవ. ఆ పిక్ చేతిలో ఉండబట్టే కదా ఆ రాత్రి మనకి పనికొచ్చింది. మూడేళ్ళ ముందు దాన్ని తీసుకుని, మధ్యలో ఎవరో ఒక సీనియర్ కోసం అమ్మేసుకోకుండా దాచిపెట్టడం, పన్నెండోవాడిగా ఆ కుర్రాడినే పట్టుకోవడం, ఇవి అదృష్టం చేసిన పనులు కావు. వాకిట్లో ఎన్ని గిన్నెలు పెడితే వానకి అన్ని నిండుతాయి, ప్రెస్టీ ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ బయట పెట్టాడు.

అదే ఏడు లాటరీలో నాలుగో స్థానం నుంచి ఎగబాకి రెండో పిక్ వచ్చింది, చెట్ హోమ్‌గ్రెన్. ఆగస్టులో సియాటిల్‌లో ఏదో వేసవి మ్యాచ్‌లో లెబ్రాన్‌ని ఆపబోయి కాలు విరిగినంత పనైంది, మొదటి సీజన్ మొత్తం పోయింది. అప్పుడైనా కంగారుపడి ఎవరినో కొనేస్తారనుకున్నా, లేదు, ఆగారు. లూ డోర్ట్‌ని 2019లో ఎవరూ డ్రాఫ్ట్ చెయ్యలేదు, ఆరన్ విగిన్స్ 55వ పిక్, ఐజయా జో ఫిలడెల్ఫియా వదిలేసినవాడు. కోచ్ మార్క్ డేగ్నాల్ట్ కూడా అంతే, మా చిన్న టీమ్ ఓక్లహోమా సిటీ బ్లూకి కోచింగ్ చేసుకుంటూ పైకొచ్చినవాడు.

2024లో 57 గెలుపులు, వెస్ట్‌లో టాప్, కానీ రెండో రౌండ్‌లో డాలస్ చేతిలోనే ఓడాం, ఆరో మ్యాచ్ 117-116, ఆఖరి సెకన్లలో షే ఫౌల్, ఫ్రీ త్రోలు. మర్నాడు ఆఫీసుకి వెళ్ళడం కష్టమైంది. అప్పుడు మాత్రం ప్రెస్టీ ఆగలేదు. ఎన్నో ఆశలతో ఆరో పిక్‌గా తెచ్చుకున్న గిడ్డీని ఇచ్చేసి కరూసోని తెచ్చాడు, హార్టెన్‌స్టైన్‌ని సైన్ చేశాడు. ఇన్నాళ్ళూ పెంచిన కుర్రాడిని వదులుకోవడం నాకు ఆరోజు నచ్చలేదు, ఇప్పుడు చూస్తే ఓపిక అంటే చేతులు కట్టుకుని కూర్చోవడం కాదని వాళ్ళకి నాకంటే బాగా తెలుసు.

2024-25 సీజన్‌లో 68 గెలుపులు, 14 ఓటములు. షేకి ఎంవీపీ. ఇండియానాతో ఫైనల్ మొదటి మ్యాచ్‌లోనే 0.3 సెకన్లు ఉండగా వాళ్ళ స్టార్ హాలిబర్టన్ షాట్, ఓటమి. నాలుగో మ్యాచ్‌కి 2-1తో వెనక, అది కూడా వాళ్ళ ఊళ్ళో, ఆఖరి నాలుగైదు నిమిషాల్లో షే ఒక్కడే 15 పాయింట్లు కొట్టి లాగాడు. ఐదో మ్యాచ్‌లో జేలెన్ 40.

జూన్ 22 ఏడో మ్యాచ్‌కి నేను డాలస్ నుంచి మూడు గంటలు డ్రైవ్ చేసుకుని మళ్ళీ అదే సోఫా దగ్గరికి వెళ్ళా. మొదటి క్వార్టర్‌లోనే హాలిబర్టన్ కింద పడ్డాడు, మడమ వెనకుండే అకిలీస్ నరం తెగింది. అప్పటికే ఏడు నిమిషాల్లో తొమ్మిది పాయింట్లు కొట్టాడు. నేలని చేత్తో కొడుతుంటే మా ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు, అక్క "అయ్యో పాపం, ఆ తల్లి ఎలా చూస్తుందో" అంది. మాకు కలిసొచ్చిన అదృష్టాల్లో నేను ఎప్పటికీ కోరుకోనిది అదొక్కటే. అతను లేకుండానే ఇండియానా హాఫ్‌టైమ్‌కి ఒక పాయింట్ ముందుంది. 103-91 అయి హారన్ మోగాక బావ ఏమీ మాట్లాడకుండా బయటికెళ్ళి గరాజ్ ముందు నిలబడ్డాడు, వీధంతా కార్ల హారన్లు.

మా మేనల్లుడు జేలెన్ ఎనిమిదో నంబర్ జెర్సీలో ఉన్నాడు, పదకొండేళ్ళొచ్చాయప్పటికి. వాడి పాత ప్రశ్న గుర్తుచేశా. వాడికి గుర్తు లేదు. క్లిప్పర్స్ 2026 పిక్ కూడా మనదేనని చెప్తే కళ్ళు పెద్దవి చేశాడు. ఆ తర్వాతి సీజన్‌లో రోజూ పొద్దున్నే లేవగానే ముందు క్లిప్పర్స్ ఓడారో లేదో చూసి, తర్వాతే మన స్కోరు చూసేవాడట.